నలభై ఒకటో ఫారం

స్టవ్ కట్టేశాక దానికి ఫొటో తీసుకోవడం నాకు మూడేళ్ల అలవాటు. రెండు నాబ్‌లూ కనిపించాలి, వెనక గోడ గడియారం కూడా పడాలి. ఈ మధ్య ఫొటో చాలడం లేదు. నాబ్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూపిస్తూ, "ఆపాను, ఆపాను, ఆపాను" అని మూడుసార్లు చెప్పుకుంటూ వీడియో తీస్తున్నాను. ఆ సోమవారం కూడా తీశాను. తొమ్మిదీ పది. ఫ్లాస్కులో టీ పోశాను. క్యారేజీలో మధ్యాహ్నం భోజనం సర్ది, మజ్జిగ గ్లాసు మీద మూత పెట్టి, అన్నీ మంచం పక్కన స్టూలు మీద పేర్చాను. మా ఆయన దేవీప్రసాద్‌ది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. ఆ వారం బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ. పన్నెండున్నరకి బయల్దేరే దాకా మంచం దిగరు. వంటగదిలోకి అసలు రారు. "అది నీ ప్లాంటు గౌరీ, నా ప్లాంటు వేరే" అని నవ్వుతారు.

బస్సు మల్కాపురం దాటుతుండగా ఫోను మోగింది. ఎందుకో నాకు తెలుసు. కిటికీలోంచి రిఫైనరీ గొట్టం కొన మీద మంట కనిపిస్తోంది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ కట్టెయ్యరు, ఎవరినీ ఎవరూ ఏమీ అనరు. ఫోను ఎత్తాను. నాకు తెలియకుండానే సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"గౌరీ, కంగారుపడకు," అన్నారు ఆయన, నిద్రమత్తు గొంతుతో. "స్టవ్ మళ్ళీ వెలుగుతంది. ఏదో వాసనేస్తే లేచి సూశాను. నాను కట్టేశాలే."

ఆయన ఎప్పుడూ అరవరు. అదే నా అదృష్టమని మా అత్తగారు సూర్యకాంతమ్మ వారానికోసారి ఫోను చేసి గుర్తుచేస్తుంది. "నా కొడుకు గనక సరిపోయింది. ఇంకోడైతే ఈపాటికి నిన్ను మీ అమ్మోరింటి కాడ దింపేసి వచ్చీవోడు. ఇల్లు తగలెట్టీదాన్ని ఎవులు బరిస్తారు?" నేను తీసిన స్టవ్ ఫొటోలు పోయిన సంవత్సరం ఒక పెళ్ళిలో ఆయన చుట్టాలందరికీ చూపించారు. వేళాకోళంగా కాదు, జాలిగా. "పాపం, దానికి దాని మీదే నమ్మకం లేదు" అన్నారు. అందరూ నా వంక చూసి తల పంకించారు. నేనూ పంకించాను. నిజమే కదా. వీడియో నా చేతిలో ఉంది, అందులో స్టవ్ ఆరిపోయే ఉంది, అయినా అది వెలుగుతోందని ఆయన అంటే ఆయన మాటే నమ్ముతాను. వీడియో తీశాక మళ్ళీ వెలిగించి ఉంటాను. పాలు పొంగించానేమో. మర్చిపోయి ఉంటాను. నన్ను నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు. మనుషుల స్వభావంలో లోపాలు కనిపెట్టే ప్రశ్నపత్రం ఒకటి విదేశాల్లో తయారైంది. అందులో నూట ఇరవై వాక్యాలుంటాయి. అన్నీ "నేను" అనే మొదలవుతాయి. నేను ఊరికే కోపం తెచ్చుకుంటాను. నేను ఎవరికీ అక్కర్లేదనిపిస్తుంది. ఒక్కో వాక్యం తనకి ఎంత నిజమో మనిషి చెప్పాలి. అస్సలు కాదంటే సున్నా, పూర్తిగా నిజమైతే మూడు. అక్కడివాళ్ళని కొలిచిన ఈ కొలబద్ద ఇక్కడివాళ్ళకి సరిపోతుందా లేదా అని చూడడం మా యూనివర్సిటీ ప్రాజెక్టు పని. ముందు తెలుగు చేశాం. అసలు పత్రం చూడని ఇంకొకరి చేత దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేయించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట మాటా తూచాం. తర్వాత నేను ఫారాలు పట్టుకుని వీధుల్లోకి వెళ్ళాను. చదువురాని ఆడవాళ్ళకి నేనే పైకి చదివి వినిపించాలి, వాళ్ళు చెప్పిన అంకె నేనే వెయ్యాలి. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళి అవే వాక్యాలు అడగాలి. మనిషి మారకపోతే జవాబూ మారకూడదు.

మల్కాపురంలో మొదటి ఇంట్లోనే తెలిసింది ఈ బద్ద ఎక్కడ వంకర పోతుందో. "ఎదుటివాళ్ళు ఎలా చెబితే అలా నడుచుకుంటాను" అనేది అక్కడివాళ్ళ లెక్కలో జబ్బు లక్షణం. కోడలు నోరు తెరిచేలోగా తలుపు వెనక నుంచి అత్తగారు, "దానికి ఫుల్లు మార్కులెయ్యమ్మా, పెళ్ళయి ఆరేళ్ళు, నా మాట జవదాటలేదు" అంది. కోడలు కూడా సంబరంగా నవ్వింది. వన్ టౌన్‌లో అద్దకం కొట్టు వెనక వాటాలో మదీనా బీ నలభై వాక్యాలు విని చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది రోగమా? ఇది కాపురం కాదూ?" అని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఫారం మీద మాత్రం అంకెలు వేసుకున్నాను.

ఆఖరిది జాలరిపేట. అక్కడ ఒడ్డున, బోర్లించిన పడవల నీడలో నలభై మందిని అడిగాను. సున్నా నుంచి మూడు దాకా అంకెలు చెప్పడం వాళ్ళకి చిరాకు. నూకరత్నం అనే పెద్దావిడ దానికి దారి చూపించింది. పేటలో అందరూ ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తారు. "కాళీ గంప, అడుగంటిన గంప, సగం గంప, నిండు గంప. అలా అడుగు, సెప్తాం" అంది. పని చకచకా సాగింది. నూట ఇరవై వాక్యాలకీ ఒక్కరు కూడా తడుముకోలేదు. నా వంక తేరిపార చూసేవాళ్ళు, జవాబు చెప్పేవాళ్ళు. ఇంత శ్రద్ధగా నన్ను ఎవరూ చూసి ఎరగరు. అది నాకు బాగుండేది కూడా.

ఆ సోమవారం నేను ఆఫీసుకి చేరేసరికి ఇర్ఫానా నా కోసం ఎదురుచూస్తోంది. ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయి. వన్ టౌన్ పిల్ల, నోటికి గడియ లేదు. ఆ రోజు మాట్లాడకుండా కుర్చీ జరిపింది.

"అక్కా, ఇది చూడు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో గీత. ఇది మల్కాపురం."

తెర మీద రంగురంగుల గీతలు పురికొస చిక్కుపడ్డట్టున్నాయి.

"ఇది వన్ టౌన్." అదీ అంతే. "ఇప్పుడు జాలరిపేట."

ఒకే ఒక్క గీత కనిపించింది.

"మిగతావి ఏవీ?"

"అన్నీ ఉన్నాయి. నలభయ్యీ. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రెండు మూడు చోట్ల ఒక మెట్టు తేడా, అంతే. నలభై మంది మనుషులు ఇలా ఉండరక్కా. ఇది ఒక్క మనిషి." గొంతు తగ్గించింది. "అంతకంటే ఘోరం ఇంకోటుంది. అరవై ఒకటో వాక్యం. 'నా చేత్తో నేను చేసిన పనినే నమ్మలేను.' మొదటిసారి అందరూ రెండన్నారు. రెండు వారాల తర్వాత అందరూ మూడన్నారు. నలభై మందీ ఒకే మెట్టు ఎక్కారు."

ఎందుకో అడగాలనిపించింది, అడిగాను. "ఆ ఒక్క మనిషి ఎలా ఉంటుంది?"

ఇర్ఫానా తెర మీద వేలు పెట్టి చదివింది. "తన కళ్ళని తను నమ్మదు. అడక్కుండా మంచినీళ్ళు కూడా తాగదు. తప్పు చేయకముందే క్షమాపణ చెబుతుంది. తన వెనక వస్తువులు జరుగుతున్నాయనిపిస్తుంది. ఏ రంగు ఇష్టమంటే తెలియదంటుంది. చప్పుడైతే లేచి నిలబడుతుంది. తనతో ఉండేవాళ్ళంటే భయం, అది నిండుగా మూడు. అక్కా, ఈవిడెవరో గానీ, ఇంట్లో ఎవరో తినేస్తున్నారు ఈవిడని."

ఎవరో నా వెనక నిలబడి నా వీపు మీద నా పేరు రాస్తున్నట్టుంది. తిరిగి చూశాను. శ్రీరామ్మూర్తి గారు నిలబడి ఉన్నారు.

ప్రాజెక్టు పెద్ద ఆయనే. మర్యాదస్తుడు. "కూర్చోండమ్మా," అన్నారు. "ఫారాలన్నీ మీ చేతిరాతే. మీరు చదివి మీరు రాస్తారు కాబట్టి అది సహజం. కానీ నలభై మందికి ఒకటే జవాబు రావడం సహజం కాదు. ఇంట్లో కూర్చుని ఒక ఫారం నింపి, దాన్నే చూసి మిగతావి నింపేవాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. గురువారం పదకొండింటికి వివరణ ఇవ్వండి. ఇవ్వలేకపోతే మిమ్మల్ని తీసెయ్యడమే కాదు, ఎందుకు తీసేశామో కూడా రాయాల్సి వస్తుంది."

నేను నింపలేదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. వెంటనే లోపల ఇంకో మాట వినిపించింది. నింపావేమో. మర్చిపోయి ఉంటావు.

మంగళవారం పొద్దున్న టీ తాగుతూ ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టారు. జరిగిందంతా ముందు రోజు సాయంత్రమే ఫోనులో చెప్పాను, రాత్రి షిఫ్టు నుంచి వస్తూ ప్రింటు తీయించారు. "గత కొంతకాలంగా నా మానసిక స్థితి సరిగా లేనందున జాలరిపేట ఫారాలను నేనే నింపితిని. క్షమించగలరు." కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"నేను నింపలేదండీ."

"నింపలేదనే అనుకుంటన్నావు," అన్నారు, ఎంతో నెమ్మదిగా. "స్టవ్ కూడా ఆపాననే అనుకుంటావు కదా గౌరీ. నాను నిన్ను తప్పు పట్టట్లేదు. సంతకం పెట్టీ, వదిలీ. ఒగ్గీ ఆ ఉద్యోగం. వచ్చే సోమవారానికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కాగితం ఆయనకీ పనికొస్తది. అమ్మతో మాటాడేశాను. కొన్నాళ్ళు ఊళ్ళో ఉంచుదావంది. వంట పని కూడా ఉండదు నీకు, ఆవిడ చూసుకుంటది. ఏటి, బాధా?"

బాధ లేదన్నాను. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. సంతకం పెట్టేస్తే ఎంత తేలికో తెలుస్తూనే ఉంది. ఇక వీడియోలు తీయక్కర్లేదు. నేను పిచ్చిదాన్నని నా సంతకంతోనే ఉంటుంది. ఇంక ఏ విషయంలోనూ నన్ను ఎవరూ అడగరు. నేను ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. స్టవ్ కట్టేసి, వీడియో తీసి, బయటికొచ్చి, యూనివర్సిటీ బస్సు ఎక్కకుండా జాలరిపేట వెళ్ళాను.

నూకరత్నం పడవ పక్కన కూర్చుని చేపలకి ఉప్పు పడుతోంది. చుట్టూ మరో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. నన్ను చూసి ఒకామె జరిగి చోటిచ్చింది.

"మళ్ళీ అడుగుతావేటి పిల్లా? మూడోసారా?"

"అడగడానికి కాదప్పా. మీరందరూ ఒకే జవాబు చెప్పారట. నేనే రాసుకున్నానంటున్నారు. నా ఉద్యోగం పోయేలా ఉంది. మీరు కూడబలుక్కున్నారా?"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నూకరత్నం చేతికంటిన ఉప్పు దులుపుకుంది.

"నువ్వడిగిన మాటలేటి? నాకు బతకాలని నేదు. నన్నొదిలేసి అందరూ ఎల్లిపోతారు. నా మనసు నా మాట ఇనదు. మగోళ్ళు ఏటకెళ్ళి నడిసముద్రంలో ఉంటే, ఒడ్డున కూకోని ఆడది ఇలాటి మాటలు తన మీద పెట్టుకుంటదేటి? తథాస్తు దేవతలు ఊరుకుంటారా? పడవ తిరిగొస్తదా?"

"పైకి అనక్కర్లేదు, గంప చెబితే చాలన్నాను కదా."

"గంప సెప్పినా అన్నట్టే."

"అయితే ఎవరి మీద పెట్టి చెప్పారు?"

"పక్కింటిదాని మీద పెడితే పాపం. సచ్చినోళ్ళ మీద పెడితే దోసం. సెప్పం అని మొండికేత్తే నీ ఉద్దోగం పోద్ది, ఎండలో పడి వచ్చినావు." కాస్త ఆగింది. "ఎదురుగా నువ్వే ఉన్నావు. నిన్ను సూసి సెప్పినాం."

సముద్రం వైపు నుంచి గాలి ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. నలభై జతల కళ్ళు గుర్తొచ్చాయి, తేరిపార చూసిన కళ్ళు. ఒక్కొక్క వాక్యం చదివి నేను తల ఎత్తినప్పుడల్లా వాళ్ళు నన్ను చూసింది నా మీద గౌరవంతో కాదు. వాళ్ళు నన్ను చదివారు.

"మరి తథాస్తు దేవతలు నా మీద పెట్టరా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నీ మీద కొత్తగా పెట్టిందేటి నేదు కదమ్మా," అంది నూకరత్నం. "ఉన్నదే సెప్పినాం."

పక్కనున్నావిడ అందుకుంది. "ఫోన్ మోగితే కూకున్నదానివి లెగిసి నిలబడతావు. ఇసకలో ఎవులున్నారని?"

"మంచినీళ్ళిత్తే తాగొచ్చా అని అడుగుతావు," అంది ఇంకొకామె. "ఇచ్చింది తాగడానికే కాదేటి?"

"నాలుగయ్యిందంటే ఇంటికెల్లాలని వొణుకు. కొక్కిరాయిలాగ మెడ సాపుతావు."

"ఆ ఫోన్లో బొమ్మ సూసుకుంటావు కదా పావుగంటకోసారి. పిల్లో పిల్లడో అనుకున్నాం. మా కోడలు వొంగి సూసింది. స్టవ్వు!" కొందరు నవ్వారు, వెంటనే ఆపేశారు. "మొదటిసారి వచ్చినప్పుడు బొమ్మే. రెండోసారికి వీడియోలోకి దిగిపోనావు. ఆపాను ఆపాను అని నీ గొంతు. అందుకే గంప నింపీసినాం."

అరవై ఒకటో వాక్యం. నలభై మందీ ఒకే మెట్టు ఎక్కింది అందుకన్నమాట. రెండు వారాల్లో జబ్బు ముదిరింది నాకు. అది కంప్యూటర్ కంటే ముందు చేపలమ్మే ఆడవాళ్ళకి తెలిసింది.

ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, అన్నీ చెప్పేశాను. మూడేళ్ళుగా స్టవ్ ఆపడం మర్చిపోతున్నానని, ఆయన చూసి ఆపేస్తున్నారని, లేకపోతే ఇల్లు తగలబడేదని. నూకరత్నం వీడియో చూపించమంది. చూపించాను. రెండుసార్లు చూసి ఫోను తిరిగిచ్చింది.

"ఇందులో ఆరిపోయే ఉంది కదా. మరి అది వెలగడం ఎవులు సూసినారు?"

"మా ఆయన."

"ఆయన సరే. నువ్వు?"

నేను జవాబు చెప్పబోయాను. మూడేళ్ళ జ్ఞాపకాలూ వెతికాను. తొమ్మిదింటికి ఇంట్లోంచి వెళ్ళిపోవడం, ఫోను రావడం, లేకపోతే సాయంత్రం నేను వచ్చేసరికి "నానే కట్టేశాలే" అనడం. వేడెక్కిన గిన్నె లేదు. మాడిన వాసన లేదు. మంట లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఆ మంటని నేను నా కళ్ళతో చూడలేదు. విన్నాను.

"ఎలిపోయినోళ్ళు తిరిగొచ్చీదాకా నమ్మం మేం," అంది నూకరత్నం, మళ్ళీ ఉప్పు చేతిలోకి తీసుకుంటూ. "మంటైనా అంతే. సూసినాకే నమ్మాల."

బుధవారం పొద్దున్న ఆయన నిద్రపోతుంటే వంటగది తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. సిలిండర్ మార్చిన ప్రతిసారీ అక్కడ పెన్సిల్‌తో తేదీ వేస్తాను. అమ్మ నేర్పిన అలవాటు. మూడేళ్ళ తేదీలు కిందికి దిగుతున్నాయి. ఇద్దరు మనుషుల ఇల్లు, ప్రతి సిలిండరూ యాభై ఐదు రోజులు, యాభై ఆరు రోజులు. వారానికి రెండుసార్లు గంటలకొద్దీ మంట వదిలేసే ఇంట్లో సిలిండర్ నెల దాటి రాదు. ఏ గృహిణినైనా అడగండి, వేళ్ళు మడవకుండా చెబుతుంది. నేను కూడా చెప్పగలిగేదాన్నే, ఇంకో ఇంటి సంగతైతే. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పోయిన ఏడు ఆయన ట్రైనింగ్‌కి పద్దెనిమిది రోజులు భిలాయ్ వెళ్ళారు. ఆ పద్దెనిమిది రోజుల్లో స్టవ్ ఒక్కసారీ వెలిగి ఉండిపోలేదు. ఆయన లేరని జాగ్రత్తగా ఉన్నాననుకున్నాను అప్పుడు. ఫోనులో ఆయన కూడా అదే అన్నారు. "సూశావా, భయముంటే ఎంత జాగర్తో."

అయినా పూర్తిగా నమ్మలేకపోయాను. తేదీలు తప్పు వేశానేమో. మర్చిపోయి ఉంటాను. మూడేళ్ళు ఒక మనిషి మన చెవిలో రోజూ ఒకే మాట పోస్తే, ఆ మాట ఆ మనిషి గొంతుతో ఆగదు. మన గొంతుతో మొదలవుతుంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒక ఖాళీ ఫారం తీశాను. ఏడాదిగా వందలమందికి చదివాను, నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. "నేను" అనే మాట నోట్లో అరిగిపోయి ఉంది, అందులో నేను లేను. ఒక్కో వాక్యం నెమ్మదిగా పైకి చదువుకున్నాను, ఒక్కో అంకె వేశాను. ఎనభై ఎనిమిదో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. "నాతో ఉండేవాళ్ళంటే నాకు భయం." ఆయన ఎప్పుడూ అరవరు. సున్నా వేశాను. పైన పేరు రాశాను: గౌరీశ్వరి.

గురువారం పొద్దున్న వంట చేశాను. ఫ్లాస్కులో టీ పోశాను, క్యారేజీ సర్దాను, మజ్జిగ మీద మూత పెట్టాను, అన్నీ స్టూలు మీద పేర్చాను. వంటగదిలోకి వెళ్ళాను. స్టవ్ కట్టేశాను. తర్వాత కింద కూర్చుని, చప్పుడు కాకుండా, సిలిండర్ మీది రెగ్యులేటర్ ఊడదీసి, రబ్బరు గొట్టం నుంచి లాగి, పాత తువ్వాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. దాదాపు అరకిలో బరువుంది. ఫొటో తీయలేదు. వీడియో తీయలేదు.

"వెళ్తన్నావా?" అన్నారు గదిలోంచి.

"ఆఁ."

"సంతకం పెట్టావా?"

"కాగితం సంచిలోనే ఉందండీ."

"మంచి పిల్లవి."

పదకొండింటికి శ్రీరామ్మూర్తి గారి గదిలో కూర్చున్నాను. ఇర్ఫానా లాప్‌టాప్ తెరిచి పక్కన ఉంది. జాలరిపేటలో విన్నదంతా విన్నట్టు చెప్పాను. నడిసముద్రంలో ఉన్న మగవాళ్ళ కోసం ఆ ఆడవాళ్ళు చెడ్డమాట తమ మీద పెట్టుకోరని, ఎదురుగా ఉన్న నా మీద పెట్టి చెప్పారని. ఆయన కళ్ళజోడు తీశారు.

"విడ్డూరంగా ఉందమ్మా. నిజమైతే ఈ ప్రశ్నపత్రం అక్కడ పనికిరాదని తేలినట్టే. కానీ నిజమని నేనెలా రాసుకోను? నలభై మందీ చెప్పింది మీ గురించేనని రుజువేమిటి?"

రుజువు ఇవ్వాలంటే నన్ను నేను బల్ల మీద పరచాలి. లేదంటే ఇంకో కాగితం ఉంది, దాని మీద సంతకం చేస్తే చాలు. రెండూ సంచిలో పక్కపక్కనే ఉన్నాయి. ఫారం తీసి ఇచ్చాను.

"ఇది నాది. కలిపి చూడండి."

ఇర్ఫానా అంకెలు ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తి నన్ను చూసింది, మళ్ళీ తల దించుకుంది. అయ్యాక తెర మా వైపు తిప్పింది. నలభై గీతల మీద నలభై ఒకటో గీత వచ్చి కూర్చుంది. ఒక్క చోట మాత్రం కిందికి జారిపోయింది, బావిలో బకెట్ పడినట్టు.

"ఎనభై ఎనిమిది," అన్నారు శ్రీరామ్మూర్తి గారు, వంగి చూస్తూ. "అందరూ మూడన్నారు. మీరు సున్నా వేశారు. మిగతా అంతా కలిసింది. నలభై ఫారాలూ మీరే నింపి ఉంటే ఇదీ కలిసేది. ఇక్కడ మాత్రం వాళ్ళు పొరబడ్డారన్నమాట."

నేను జవాబు చెప్పేలోగా ఫోను మోగింది.

లేవబోయాను. లేవలేదు. కూర్చునే, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను.

"గౌరీ, కంగారుపడకు," అన్నాడు దేవీప్రసాద్. ఎంత మెత్తటి గొంతో. "స్టవ్ మళ్ళీ వెలుగుతంది."

సంచిలోంచి తువ్వాలు తీసి విప్పాను. రెగ్యులేటర్ బల్ల మీద, ఫోను పక్కన పెట్టాను. అదేమిటో శ్రీరామ్మూర్తి గారికి వెంటనే అర్థం కాలేదు. ఇర్ఫానాకి అయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్ద మంటా, చిన్న మంటా?" అని అడిగాను. మూడేళ్ళలో ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

ఒక్క క్షణం ఆగాడు. "సిమ్‌లో ఉంది. వంటింట్లోనే నిలబడి మాటాడతన్నాను. ఇదిగో, కట్టేశాను. సరేనా? నువ్వు సంతకం పెట్టీసి ఇంటికొచ్చీ."

ఫోను ఆగిపోయింది. శ్రీరామ్మూర్తి గారి ముందున్న నా ఫారం నా వైపు లాక్కుని, పెన్ను మూత తీశాను.

"వాళ్ళు పొరబడలేదు సార్," అన్నాను.

ఎనభై ఎనిమిదో వాక్యం దగ్గర సున్నా కొట్టేసి, మూడు వేశాను.